వంటవాడి వాగులో ఉప్పు వేసిందెవరు

ఆగండాగండి... ఇంజను ఆపేశారా? ఆపితే ఆపారు గానీ, మెట్టు కిందికి దించేముందు ఈ ముసలిదాని మాట ఒక్కటి వినండి. కనుచూపు మేర ఖాళీ ఎడారి పడుంది. అరిజోనా అంతటా ఇంకెక్కడా చోటు లేనట్టు, బండి నిలపడానికి మీకు సరిగ్గా ఈ వాగు గట్టే దొరికిందా?

దీన్ని వంటవాడి వాగంటారు. పొద్దుగూకాక ఇటు ఎవరూ రారు. కుక్కలు కూడా ఆ చెట్టు దాకా వచ్చి, తోక ముడుచుకుని తిరిగిపోతాయి.

నా పేరు ఆర్డిస్. అదిగో, ఆ నీలం చారల బండి నాదే, నా ఇల్లూ అదే. పద్నాలుగేళ్ల నుంచి చలికాలమంతా ఇక్కడే మకాం. నేను చెప్పేది ఊసుపోక కబురు కాదు, నాకే జరిగిన సంగతి. కూర్చోండి. కాఫీ ఉందా? ఉంటే పెట్టండి, నీళ్లు మాత్రం పొదుపుగా వాడండి, ఇక్కడ కొళాయిలు లేవు.

గని నడిచిన రోజుల్లో ఇక్కడ ఓబెడ్ అని ఒక వంటవాడు ఉండేవాడట. నలభై మంది గనివాళ్లకి రోజూ చిక్కుడు గింజలే వండేవాడు. ఒకనాడు ఉప్పు మరిచిపోయాడు. గనివాళ్లు ఊరుకుంటారా? పళ్లేలు మోగించి, పాట కట్టి, నెల్లాళ్లు ఏడిపించుకు తిన్నారు. పాపం, ఆ మనిషికి అది మనసులో నాటుకుపోయింది. అర్ధరాత్రి దిగ్గున లేచి కూర్చునేవాడట — "ఉప్పు వేశానా?" అని.

ఒక రాత్రి అలాగే లేచి, ఉప్పు సంచీ పట్టుకుని, చీకట్లో పొయ్యి దగ్గరికి బయల్దేరాడు. ఇక్కడ ఒక్క చినుకు లేదు... కానీ ఎగువన కొండల్లో వాన పడింది. ఉన్నట్టుండి ఎండిన వాగుకి వరద వచ్చింది.

తెల్లారి సంచీ దొరికింది. మనిషి దొరకలేదు.

అప్పట్నుంచీ రాత్రిపూట ఇటు నడిచేవాళ్ల వెనకాల, మెల్లగా, చెవి పక్కనే అన్నట్టు — "ఉప్పు వేశావా...?"

నవ్వండి, నవ్వండి. నేనూ నవ్వినదాన్నే, నోరీన్ చిక్కుళ్లు వండిన ఏడాది దాకా.

నోరీన్ నా పక్క బండి. ఆవిడ మొగుడు వెండెల్. ఏటా జనవరి ఆఖరి శనివారం మా గుంపంతటికీ చిక్కుళ్ల విందు పెట్టేవాడు. శుక్రవారం గొయ్యిలో తుమ్మ కట్టెలు కాల్చి, ఆ నిప్పుల మీదికి ఇనుప గుండిగ దించి, పైన రేకు కప్పి, మన్ను పూడ్చేసేవాడు. రాత్రంతా భూమిలో ఉడికేవి. శనివారం మధ్యాహ్నం తవ్వి తీస్తే... అబ్బ, ఆ వాసనకి పది బండ్ల అవతలివాళ్లు కూడా పళ్లేలు పట్టుకుని వచ్చేవాళ్లు.

ఆ గొయ్యి ఇక్కడే, ఈ వాగు గట్టు మీదే. మరోచోట తవ్వుదామంటే నేలంతా రాయి, గునపం దిగదు. ఇక్కడొక్కచోటే మెత్తని మన్ను. నక్కలూ అడవి గాడిదలూ కెలకకుండా వెండెల్ ఆ రాత్రి బండి తెచ్చి గొయ్యి పక్కనే పడుకునేవాడు. పదకొండేళ్లు! "ఓబెడ్ కనబడ్డాడా?" అంటే, "మంచివాడు. ఎక్కువ మాట్లాడడు" అనేవాడు నవ్వకుండా.

నాలుగేళ్ల కిందటి ఎండాకాలంలో వెండెల్ పోయాడు.

నోరీన్‌కి అప్పుడు డెబ్బై ఒకటి. అన్నేళ్లు ఆ బండిలో తిరిగిందే గానీ ఒక్కనాడూ చక్రం ముందు కూర్చున్నది లేదు. కూతురు జెనెల్ ఫీనిక్స్ నుంచి వచ్చి పట్టుబట్టింది. బండి అమ్మేద్దాం, నాతో వచ్చెయ్ అని. నేను అక్కడే ఉన్నాను, విన్నాను.

"అమ్మా, నీకు గ్యాస్ సిలిండర్ మార్చడం కూడా రాదు."

"నేర్చుకుంటాను."

"డెబ్బై ఒకటో ఏటా?"

"ఏం, డెబ్బై రెండో ఏట మొదలుపెట్టనా?"

జెనెల్ చెడ్డపిల్ల కాదు. భయం, అంతే. నెత్తి కొట్టుకుని చివరికి ఒక పందెం పెట్టింది. "సరే. ఈసారి నాన్న విందు నువ్వే వండు. బండి నువ్వే నడుపు, నిప్పు నువ్వే చెయ్, రాత్రి కాపలా నువ్వే ఉండు. ఎవరి సాయమూ వద్దు. నలభై మందీ లొట్టలేసుకుని తింటే ఇంక నోరెత్తను. లేదా, తాళాలు నా చేతిలో పెట్టి కారెక్కు."

నోరీన్ వెంటనే చెయ్యి కలిపింది. ఆవిడ సంగతి నాకు తెలుసు. మాటంటే మాటే. పిల్లికి బిచ్చం పెట్టనని ఒట్టేస్తే, పిల్లి ఎంత ఏడ్చినా పెట్టదు.

శుక్రవారం పొద్దున బండి కదిలింది చూడండి! తాబేలు పక్క నుంచి దాటిపోవచ్చు. ప్రతి కిటికీకీ ఒక ముఖం అతుక్కుంది. అరమైలు దూరానికి ముప్పావు గంట పట్టింది గానీ, చేరింది మహాతల్లి.

తర్వాత బండిని సమంగా నిలపాలి. మీకు తెలిసిందేగా, బండి ఓరగా ఉంటే ఫ్రిజ్ చల్లబడదు, రాత్రి తలకి రక్తం దిగుతుంది. వెండెల్ దగ్గర నీటిబుడగ కొలబద్ద ఉండేది. అది ఎక్కడ పెట్టాడో ఆయనకే తెలియాలి. నోరీన్ ఏం చేసిందో తెలుసా? పెనం మీద గుడ్డు కొట్టింది. గుడ్డు ఎడమ అంచుకి జారితే, కిందికి దిగి ఎడమ చక్రం కింద చెక్క పెట్టి బండి దాని మీదికి ఎక్కించేది. మళ్లీ లోపలికి పరుగు, ఇంకో గుడ్డు. నాలుగో గుడ్డు పెనం నడిమధ్యన గుండ్రంగా నిలిచింది. ఆ రాత్రి భోజనం ఆ నాలుగు గుడ్లే.

సాయంత్రం చూడ్డానికి వెళ్లాను. "చేతులు వెనక్కి కట్టుకో! ఏదైనా ముట్టుకున్నావంటే సాయం కింద జమ!" అని అరిచింది. ముఖమంతా మసి. కళ్లు మాత్రం చిన్నపిల్ల కళ్లలా మెరుస్తున్నాయి. గుండిగ అప్పటికే గొయ్యిలోకి దించేసి, మన్ను కప్పి పారతో చదును చేసేసింది. వెండెల్ రాసిన చీటీ జేబులోంచి తీసి గర్వంగా చదివింది.

"గింజలు ముందురోజు నానబెట్టి ఆ నీళ్లు వంపెయ్యి. ఉల్లిపాయలు పన్నెండు. నల్ల బెల్లప్పాకం. ఆవపొడి. ఎండుమిర్చి. మొదటి గరిటె రాతి మీద. ఇంతేనే! ఒక్కటి తప్పలేదు."

"రాతి మీదేమిటే?"

"ఓబెడ్‌కి. ఏటా పెట్టేవాడు పిచ్చి మారాజు."

ఇద్దరం నవ్వుకున్నాం. కానీ తిరిగి వస్తుంటే నా బుర్రలో ఏదో పురుగు తొలుస్తోంది... ఏదో లేదు ఆ చీటీలో... ఏది?

జెనెల్ ఆ రాత్రి నా బండిలోనే పడుకుంది, భోజనాల బల్ల మడిచి చేసిన పరుపు మీద. నేను రేకు కాగితంలో చుట్టి నిప్పుల్లో కాల్చిన బంగాళాదుంపలు విప్పి, ఒకటి తనకిచ్చి, నా దాని మీద ఉప్పు చల్లుకున్నాను.

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

ఉప్పు!

వెండెల్ ఉప్పు గుండిగలో వేసేవాడు కాదు. ముందురోజు నానబెట్టే నీళ్లలోనే కలిపేవాడు. ఏటా గురువారం నా బండి దగ్గరికి వచ్చి, "ఆర్డిస్, నీ ఉప్పు డబ్బా ఇలా ఇయ్యి" అని, మూడంటే మూడు గుప్పిళ్లు తీసుకుని పోయేవాడు. ఆయనకి అది చేతికి అలవాటు. చీటీలో రాయాలని తోచలేదు. నోరీన్ ఉత్త నీళ్లలో నానబెట్టింది. నలభై మందికి ఉప్పులేని చిక్కుళ్లు... అదీ ఓబెడ్ వాగులో!

చెబుదామంటే జెనెల్ ఎదురుగా ఉంది. నోరీన్‌కి చెబితే? "సాయం చేశావు, ఓడిపోయాను" అని తాళాలు తానే తెచ్చి ఇస్తుంది. ఇక మిగిలింది దొంగతనంగా వెళ్లి, మన్ను తీసి, ఉప్పు వేసి, మళ్లీ కప్పి రావడమే. నా స్నేహితురాలు వెళ్లిపోతుందే అన్న దిగులు ముందు దెయ్యం ఏ మూలకి?

అలా అనుకున్నాను, లోపల దుప్పట్లో ఉండగా.

జెనెల్ గురక మొదలయ్యేదాకా ఆగి, డబ్బా చంకలో పెట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని లేచాను. మన బండ్ల సంగతి తెలుసుగా, ఒకళ్లు అడుగేస్తే ఇంకొకళ్ల మంచం ఊగుతుంది. గురక ఆగింది... ఊపిరి బిగబట్టి అక్కడే నిలబడ్డాను... మళ్లీ మొదలైంది. కిందికి దిగి చెప్పులు తొడుక్కున్నాను.

దీపం వేస్తే ఎవరైనా చూస్తారని వేసుకోలేదు. దారి వెంట పోకుండా పొదల్లోంచి అడ్డంగా నడిచాను. సగం చంద్రుడు. చలి ఎముకల్లోకి దిగుతోంది. నా అడుగుల చప్పుడు నాకే పెద్దగా వినబడుతోంది — కర్... కర్... కర్...

ఆగాను. చప్పుడు ఆగలేదు.

కర్... కర్...

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "ఎ... ఎవరది?" అన్నాను, నాకే వినబడనంతగా. ఆ చప్పుడు నన్ను దాటుకుని, నెమ్మదిగా, ముందుకి... నోరీన్ బండి వైపు వెళ్లింది.

నేను ఆ చెట్టు దాకా చేరాను. అదే, కుక్కలు ఆగిపోయే చెట్టు. దూరంగా నోరీన్ బండి కనబడుతోంది. అది ఊగుతోంది. గాలి లేదు, ఆకు కదలడం లేదు, బండి మాత్రం ఉయ్యాల్లా ఇటూ అటూ...

అప్పుడు లోపల్నుంచి ఒక కేక! వెంటనే బయటి నుంచి ఇంకో అరుపు — అది మనిషి అరుపు కాదు బాబూ, నరకంలో తలుపు కిర్రుమన్నట్టుంది.

డబ్బా ఎటు పడిందో తెలియదు. ఒక చెప్పు ఎటు పోయిందో తెలియదు. కాళ్లకి బుద్ధి చెప్పాను. అరవై తొమ్మిదేళ్ల మోకాళ్లు అంత పరిగెడతాయని మా డాక్టరు కూడా నమ్మడు. దుప్పట్లో దూరాకే ఊపిరి పీల్చాను. జెనెల్ గురక పెడుతూనే ఉంది.

స్నేహితురాల్ని వదిలేసి పారిపోయి వచ్చాను. అదీ నా ధైర్యం. సిగ్గుతో తెల్లవార్లూ కన్ను మూయలేదు.

శనివారం మధ్యాహ్నం నలభై మంది కుర్చీలు మోసుకుని కారుదారి వెంట వచ్చారు. నోరీన్ గడపలో నిలబడి ఉంది, నిక్షేపంలా! నా గుండె సగం కుదుటపడింది. మిగతా సగం గుండిగలో ఉంది.

మన్ను తీసింది. రేకు ఎత్తింది. ఆవిరి గుప్పుమంది. అందరూ "ఆహా" అన్నారు, నేను తప్ప. జెనెల్ పళ్లెం చాచింది గానీ నోరీన్ "ఉండు" అని, మొదటి గరిటె తీసుకెళ్లి గొయ్యి పక్కన బల్లపరుపు రాతి మీద పెట్టింది. రెండోది కూతురికి పెట్టింది.

జెనెల్ చెంచా నోట్లో పెట్టుకుంది. నేను కళ్లు మూసుకున్నాను.

కళ్లు తెరిచి చూస్తే ఆ పిల్ల బుగ్గల మీద నీళ్లు కారుతున్నాయి. "అమ్మా... నాన్న చేసినట్టే ఉన్నాయే" అంది.

నేను ఒక ముద్ద తిన్నాను. ఉప్పు! అమోఘంగా, ఒక్క పలుకు ఎక్కువ కాకుండా, తక్కువ కాకుండా. రెండోసారి పెట్టించుకున్నాను. మూడోసారి కూడా. భయంతో ఆకలి వేస్తుందని ఆ రోజే తెలిసింది.

గుండిగ అడుగు కనబడింది. జెనెల్ తాళాలు తల్లి మెడలో దండలా వేసి ముద్దు పెట్టుకుంది. జనమంతా పళ్లేలు మోగించారు. నోరీన్ మాత్రం నన్ను చెయ్యి పట్టుకుని బండి వెనక్కి లాక్కుపోయింది. ముఖం పాలిపోయి ఉంది.

"ఎందుకు చేశావే ఆర్డిస్?" అంది గుసగుసగా.

"ఏం చేశాను?"

"నాటకాలాడకు. రాత్రి వచ్చి ఉప్పు వేసింది నువ్వే. ఇప్పుడు నేను జెనెల్‌కి నిజం చెప్పాలి. తాళాలు ఇచ్చెయ్యాలి."

"నేనా! నువ్వు కేక పెట్టావు, దెయ్యం అరిచింది, నేను పారిపోయాను!"

నోరీన్ నన్ను ఎగాదిగా చూసి ఫక్కున నవ్వింది. "దెయ్యమా! అడవి గాడిదే! నా బండి మూలకి వీపు గోక్కుంటోంది. బండి ఊగుతుంటే నిద్రలేచి చూశాను. తెర మీద రెండు కొమ్ముల నీడ! కెవ్వున అరిచాను. దాన్ని నేను జడిపించాను, నన్ను అది జడిపించింది. కొమ్ములు కావే, చెవులు! నవ్వీ నవ్వీ ఎక్కిళ్లు పట్టుకున్నాయి."

నా పక్క నుంచి కర్ కర్‌మంటూ పోయింది ఆ గాడిదన్నమాట! గాడిదని చూసి అరమైలు పరిగెత్తిన ఆడదాన్ని నేను. నాకూ నవ్వు ఆగలేదు. ఇద్దరం ఒకళ్ల భుజాలు ఒకళ్లు పట్టుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం.

"సరే, తర్వాత నువ్వే కదా వచ్చావు, రెండింటికి?" అంది నోరీన్ కళ్లు తుడుచుకుంటూ.

"రెండింటికేమిటి? నేను పదకొండుకే దుప్పట్లో ఉన్నాను."

"అబద్ధాలాడకే. కిటికీ కింద నిలబడి అడిగావుగా — 'ఉప్పు వేశావా?' అని. నీ గొంతేలే, జలుబు చేసినట్టుంది. నేను నిద్రమత్తులో 'లేదు... చీటీలో రాయలేదు' అన్నాను. తర్వాత గుండిగ అంచుకి గరిటె తట్టిన చప్పుడు... టంగ్... టంగ్... టంగ్... మూడుసార్లు. లేద్దామనుకున్నాను గానీ, ఎందుకో ఒళ్లంతా హాయిగా అనిపించి మళ్లీ నిద్రపట్టేసింది. పొద్దున చూస్తే మన్ను మీద నా పార గీతలు గీతలుగానే ఉన్నాయి. ఎంత చక్కగా కప్పావే!"

నా నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"నోరీన్... నేను ఆ చెట్టు దాటి రాలేదు."

నమ్మలేదు. పద చూపిస్తానని తీసుకెళ్లాను. చెట్టు కింద నా చెప్పు బోర్లాపడి ఉంది. ఇసకలో నా అడుగులు వచ్చినవి వచ్చినట్టే ఉన్నాయి, తిరిగి పరిగెత్తినవి వేళ్ల దాకా దిగబడి ఉన్నాయి. చెట్టుకి ఇవతల గాడిద గిట్టలు తప్ప మరో జాడ లేదు.

"మరి డబ్బా?" అన్నాను. "డబ్బా ఇక్కడే పడేశాను..."

"డబ్బా ఇక్కడ లేదే. పొద్దున్నుంచీ గొయ్యి పక్కన రాతి మీదే ఉంది, జనం అడ్డంగా ఉండి నీకు కనబడలేదేమో. అది చూసేగా నువ్వనుకున్నాను" అంది నోరీన్.

వెళ్లి చూశాం. రాతి మీద నా డబ్బా నిటారుగా, మూత గట్టిగా బిగించి ఉంది. దాని పక్కన నోరీన్ పెట్టిన మొదటి గరిటె చిక్కుళ్లు లేవు... రాయి కడిగినట్టు శుభ్రంగా ఉంది. మూత తీశాను. నిండా పోసుకుని బయల్దేరిన ఉప్పు, కొంచెం తగ్గింది.

మూడు గుప్పిళ్లు.

ఓబెడో, వెండెలో, ఇద్దరూ కలిసే వచ్చారో... నోరీన్ ఆ ఉప్పు మీద అరచెయ్యి ఆనించి ఉంచింది. కళ్లనిండా నీళ్లు, పెదాల మీద నవ్వు.

"ఆర్డిస్, ఎవరి సాయమూ వద్దని కదా మా అమ్మాయి షరతు?"

"ఊఁ."

"అంటే బతికున్నవాళ్ల సాయమనే కదా?"

అంతే! ఇద్దరికీ మళ్లీ నవ్వు ముంచుకొచ్చింది. వచ్చిన జనం వీళ్లకి ఎండ దెబ్బ తగిలిందనుకున్నారు. తాళాలు మాత్రం నోరీన్ మెడలోనే ఉన్నాయి. ఇప్పటికీ ఉన్నాయి. అదిగో, అక్కడ పెనం మీద గుడ్డు పెట్టుకుని చెక్క మీదికి బండి ఎక్కిస్తోంది చూడండి, ఆవిడే.

సరే, పొద్దుపోతోంది, నేను వెళ్లాలి. బండి తీస్తారో ఉంచుతారో మీ ఇష్టం. పొయ్యి మీద ఏమిటది, చిక్కుళ్లేనా? బాగుంది. ఏ రెండింటికో కిటికీ కింద ఎవరైనా మెల్లగా అడిగితే మాత్రం, వేశామని అబద్ధం చెప్పకండి. వెయ్యకపోతే లేదని చెప్పేసి పడుకోండి.

మిగతాది ఆయన చూసుకుంటాడు.